ఐదు పౌండ్ల ఆవకాయ

సెప్టెంబరు 6, శనివారం

ఇవాళ మా ఇంట్లో ఎన్నికలు జరిగాయి. పెద్ద కుక్కా, చిన్న కుక్కా అన్నది సమస్య. మనవరాలు భవిత పద్నాలుగు స్లైడ్లు తయారుచేసి టీవీలో పెట్టింది. అప్పడాల కర్రతో ఒక్కొక్కటే చూపిస్తూ గంటసేపు చెప్పింది. పదకొండేళ్ల పిల్ల అంత శ్రద్ధగా చెబుతుంటే మా రాకేష్ ఫోన్ చూసుకుంటూ తల ఊపుతున్నాడు. ఆఫీసులో ఇలాంటి మీటింగులకే వాడికి జీతం ఇస్తారు కాబట్టి బాగా అలవాటు.

పదకొండో స్లైడు కుక్కలకి పడని తిండి గురించి. చాక్లెట్ విషమట, ఉల్లిపాయ విషమట, ద్రాక్షపళ్లు, కిస్‌మిస్ విషమట. మా తెనాలి కుక్కలకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు పాపం, పెట్టినవన్నీ తిని హాయిగా బతికాయి.

రాకేష్‌కి పెద్ద కుక్క కావాలి. చిన్నప్పుడు ఎడిసన్ ఊళ్లో ఉండగా వాళ్ల నాన్న ఒప్పుకోలేదని నలభై నాలుగేళ్ల వయసులో ఇప్పుడు సాధిస్తున్నాడు. కోడలు నమ్రత అసలు కుక్కే వద్దంది. అప్పుడు నేను లేచి, చిన్నదైతే నేను చూసుకుంటాను అన్నాను. తినేది గుప్పెడు, ఎత్తిపోసేది చిటికెడు, చంకలో పెట్టుకుని తిరగొచ్చు. ముప్ఫై ఒక్క ఏళ్లు హాస్పిటల్ ఫార్మసీలో మందులు తూచినదాన్ని, గోరంత కుక్కని చూసుకోలేనా?

అందరూ ఒకసారి స్టవ్ వైపు చూశారు. నేనూ చూశాను.

జూన్‌లో పాలు పెట్టి మరిచిపోయాను. ఒక్కసారి. అలారం మోగింది, ఫైరింజన్ వచ్చింది, వీధి వీధంతా వాకిట్లోకి వచ్చి నన్ను చూసింది. గిన్నె తప్ప ఏమీ పోలేదు. మర్నాడే నమ్రత స్టవ్ మీటలన్నిటికీ ప్లాస్టిక్ మూతలు బిగించింది. పసిపిల్లలున్న ఇళ్లలో పెడతారే, అవి. రెండు పక్కలా నొక్కి లాగాలి. నా వేళ్లకి ఆ బలం లేదు. పిల్లలు తీయలేని మూతల సీసాల్లో మందులు పోసి ఇచ్చి ఇల్లు గడిపిన మనిషిని నేను. ఆ తర్వాత వారానికి మూడు రోజులు వంటకి నాగమల్లేశ్వరి అనే ఆవిడని పెట్టారు. వంట ఆంటీ అంటారు అమెరికాలో మేముండే ఈ కమ్మింగ్ ఊళ్లో. నన్ను ఆంటీ అనేవాళ్లే ఆవిడనీ ఆంటీ అంటారు.

"చూద్దాం అత్తయ్యా" అంది నమ్రత. ఆ చూద్దాంలో కుక్క ఒక్కటే లేదని నాకు తెలుసు. కుక్క సవ్యంగా ఉంటే మూతలు పోతాయి, నా వంటిల్లు నాకొస్తుంది. ఇందులోనూ తప్పితే రాకేష్ సొరుగులో దాచిన రంగుల పుస్తకం బయటికి వస్తుంది. పెద్దవాళ్ల కాలనీది. ఆదివారాలు ఇడ్లీ కూడా పెడతారట అక్కడ.

ఇవన్నీ రాసుకోవడానికి నాకు భయం లేదు. రాకేష్‌కి తెలుగు చదవడం రాదు, నమ్రతకి తీరిక లేదు, భవిత ఆదివారం తెలుగు బడికి వెళ్తోంది గానీ ఇంకా ఒత్తులు రాలేదు. నా డైరీకి తాళం అక్కర్లేదు.

సెప్టెంబరు 13, శనివారం

వచ్చాడు. చివావా, యార్కీ కలిసిన జాతి. బరువు ఐదు పౌండ్లు, అంటే రెండు కిలోల రెండు వందల డెబ్బై గ్రాములు. భవిత పికిల్ అని పేరు పెట్టింది. నేను ఆవకాయ అంటాను. మనిషి గోరంత, ఘాటు మాత్రం ఇల్లంతా.

భవిత ఫ్రిజ్ మీద ఒక చార్ట్ అంటించింది. ఎప్పుడు, ఏం పెట్టారు, ఎంత, ఎవరు. నాలుగు గళ్లు. మా హాస్పిటల్లో కూడా ఇంత పద్ధతి చూడలేదు.

సెప్టెంబరు 14

చిన్న కుక్క సులువు. కార్పెట్ మీద నాలుగుసార్లు.

సెప్టెంబరు 24, బుధవారం

చిన్న కుక్కకి రోజుకి నాలుగుసార్లు పెట్టాలి, లేకపోతే షుగర్ పడిపోయి వణుకుతుందట. పెట్టినా వణుకుతూనే ఉన్నాడు. చలికి ఒక స్వెట్టరు, వానకి ఒక కోటు. పళ్లు తోమాలి. నోట్లో వేలు పెడితే కొరుకుతాడు, పెట్టకపోతే పళ్లు పుచ్చుతాయి. మోకాలి చిప్ప జారుతుందని సోఫాకి బుల్లి మెట్లు కొన్నారు. నా మోకాళ్లు అరిగి ఆరేళ్లయింది, నా గది ఇప్పటికీ మేడ మీదే.

పెరట్లోకి ఒంటరిగా వదలకూడదు, గద్దలు ఎత్తుకుపోతాయని కుక్కల డాక్టరు చెప్పింది. అంచేత నేను రోజుకి ఆరుసార్లు గొడుగు పట్టుకుని వాడి మీద నిలబడుతున్నాను. మా పెళ్లిలో కూడా నాకు ఎవరూ ఇంతసేపు గొడుగు పట్టలేదు. వీడేమో వాసన చూసి, తిరిగి, మళ్లీ వాసన చూసి, మనసు మార్చుకుంటాడు.

పక్కింటి కృష్ణమోహన్ గారు కంచె అవతల నుంచి చూసి, వానేమైనా వస్తోందా అని అడిగారు. రిటైరైన సివిల్ ఇంజనీరు. ఆయనకి నూట పది పౌండ్ల గ్రేట్ డేన్ ఉంది, దాని పేరు బుజ్జి. బుజ్జి పొద్దున ఒకసారి లేస్తుంది, సాయంత్రం ఒకసారి లేస్తుంది, మిగతాదంతా నిద్ర. మావాడు కంచె సందులోంచి దాని కాలి గోరు ఒక్కటి చూసి పావుగంట మొరిగాడు. బుజ్జి ఒక కన్ను తెరిచి మళ్లీ మూసుకుంది.

పెద్దదానితో ఒకటే బాధ అమ్మా, ఎనిమిదేళ్లకి మించి ఉండదు, అన్నారాయన. బుజ్జికి ఏడు. మీ మందారాలు బాగా పూశాయండీ అన్నాను.

అక్టోబరు 3, శుక్రవారం

నాగమల్లేశ్వరిది వినుకొండ దగ్గర. కూతురి దగ్గరికి వచ్చి స్థిరపడి, ఈ చుట్టుపక్కల ఐదిళ్లలో వండుతోంది. అల్లుడు కార్లో దింపి వెళతాడు. పప్పులో వెల్లుల్లి, చారులో వెల్లుల్లి, ఎవరూ చూడకపోతే పాయసంలోనూ వేస్తుంది. నా పోపులపెట్టెలో మెంతులున్న చోట ఆవాలు పోసింది. ఇక్కడి మూకుళ్లు పనికిరావని తన ఇనప మూకుడు తెచ్చి నా స్టవ్ మీద ప్రతిష్ఠ చేసింది. మంచి మనిషి అత్తయ్యా, అంటుంది నమ్రత. మంచి మనిషైతే గుళ్లో కూర్చోవచ్చుగా, నా వంటింట్లో ఎందుకు?

మధ్యాహ్నం ఆవకాయకి పెరుగన్నం పెట్టాను. గోరంత. చార్ట్‌లో రాయలేదు. గోరంతని ఏ గడిలో రాస్తాం?

వాడు చూస్తాడు, అదీ సంగతి. నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని నా మొహంలోకే చూస్తాడు. ఈ ఇంట్లో అందరూ నాతో మాట్లాడతారు, మర్యాదగానే మాట్లాడతారు, కానీ ఎదురుగా కూర్చుని నా మొహంలోకి చూసిన మనిషి మా ఆయన పోయాక ఈ నాలుగేళ్లలో ఒక్కరూ లేరు. అలా చూసినవాడికి ఒక ముద్ద పెట్టకుండా ఎలా తింటాను? నా వల్ల కాదు.

అక్టోబరు 6

నెయ్యన్నం. గోరంత.

అక్టోబరు 9

ఇడ్లీ. గోరంత.

అక్టోబరు 18, శనివారం

డాక్టరు దగ్గరికి వెళ్లాం. బరువు ఐదు పౌండ్ల మూడు ఔన్సులు. కొంచెం ఒళ్లు చేశాడని ఆవిడ మెచ్చుకుంది. అత్తయ్య చాలా బాగా చూసుకుంటున్నారు, అని నమ్రత డాక్టరుకి చెప్పింది. ఇంటికొచ్చి స్టవ్ మీద ఐదు మూతల్లో రెండు తీసేసింది, వెనకవైపు చిన్న పొయ్యిలవి. చారు పెట్టుకున్నాను. వెల్లుల్లి లేకుండా.

ఇంకా మూడున్నాయి.

నవంబరు 5, బుధవారం

ఇవాళ కార్తీక పౌర్ణమి. బుధవారం వచ్చింది కాబట్టి మాకు శనివారం. ఈ దేశంలో తిథులన్నీ శనివారానికే వస్తాయి. పురోహితుడు ఆ రోజు మూడిళ్లలో సత్యనారాయణ వ్రతం చేయిస్తాడు. మాది పదింటి పున్నమి.

ప్రసాదం నేను చేస్తానన్నాను. గోధుమ రవ్వా, పంచదారా, నెయ్యీ సమపాళ్లలో పడాలి, అది చేయి తిరిగినవాళ్లు చేయాలి. మీరు పూజలో కూర్చుంటారు కదా అత్తయ్యా, ఆంటీని పిలుస్తాలెండి, అంది నమ్రత. ప్రసాదం కూడా ఆవిడే. కానీ. స్వామివారికి వెల్లుల్లి రాసిపెట్టి ఉంటే నేనేం చేయగలను.

నవంబరు 8, శనివారం

వ్రతం బాగా జరిగింది.

పికిల్‌కి ఒంట్లో బాగాలేదు.

రాయడానికి ఓపిక లేదు. ఈ పేజీ ఇలా వదిలేస్తున్నాను.

నవంబరు 9, ఆదివారం

నిన్న నాలుగింటికి వాంతి చేసుకున్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. భవిత తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయి, డాడీ ఇవి రెయిజిన్స్, అంది. ప్రసాదంలో కిస్‌మిస్. నెయ్యిలో వేగి, కడుపులో నాని, ఇంతింత అయ్యాయి.

ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు రెండే ప్రశ్నలు వేసింది. ఎన్ని తిన్నాడు? ఎప్పుడు తిన్నాడు? ఎవరికీ తెలియదు. రాకేష్ నా వైపు చూస్తే, నేను పూజలో ఉన్నాను అన్నాను. పూజలోనే ఉన్నాను. పీటల మీద ఉన్నది కొడుకూ కోడలూ అయినా, వెనక కుర్చీలో నేనూ పూజలో ఉన్నట్టే కదా.

కిడ్నీలు దెబ్బతినొచ్చట. ఇంత చిన్న ఒంటికి కాసిని తిన్నా ఎక్కువేనట. సంగతి తెలియనప్పుడు బాగా తిన్నాడనే అనుకుని వైద్యం చేస్తామంది. రెండు రోజులు సెలైన్, ఆరు గంటలకోసారి రక్తం తీయడం. ఇవాళ పొద్దున క్రియాటినిన్ కొంచెం పెరిగిందని ఫోన్ చేసి చెప్పారు. అదంటే ఏమిటో తెలియనట్టు మొహం పెట్టి కూర్చున్నాను. ముందే చెప్పినా వాళ్లు చేసేది ఇదే. సూదులు ఇవే. ఏమీ తేడా ఉండేది కాదు. ఏమీ ఉండేది కాదు.

నిన్న మేం హాస్పిటల్ నుంచి వచ్చేసరికి నాగమల్లేశ్వరి ఇంకా గిన్నెలు తోముతోంది. కుక్కకి ప్రసాదం ఏమైనా పెట్టారా ఆంటీ, అని నమ్రత అడిగింది. "నేనేం పెట్టలేదమ్మా" అంది ఆవిడ. ఒకసారి నా వైపు చూసి మళ్లీ గిన్నెల మీదికి వంగింది.

నేను మాత్రం ఏమన్నాను? తెలియక పెట్టి ఉంటుందేమోలే పాపం, అన్నాను. పాపం అనే అన్నాను.

నవంబరు 10, సోమవారం

ఇవాళ ఆవిడ రావలసిన రోజు. ఈ వారం రావద్దని నమ్రత మెసేజ్ పెట్టింది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టింది, పెంపుడు జంతువులున్నవాళ్లు వంటవాళ్లకి అన్నీ విడమరిచి చెప్పుకోండి అని. పేరు రాయలేదు. రాయనక్కర్లేదు, అందరింట్లోనూ ఆవిడే. బిందుమాధవి వెంటనే, మా చిన్నాడికి పీనట్ అలర్జీ, ఇలాంటి మనిషిని ఎలా నమ్మడం అంది. ఇంకొకావిడ, వంటింట్లో కెమెరా పెట్టించుకోండి, డీల్ నడుస్తోంది అని లింకు పంపింది. మధ్యాహ్నానికల్లా ఆ కుక్క ఎవరిదో, ఏం తిందో అందరూ మరిచిపోయారు. సాయంత్రానికి మూడిళ్లవాళ్లు ఆవిడని మానిపించారు. అంతా ఎంతో బాధపడుతూనే మానిపించారు.

వ్రతకథలో ప్రసాదం తినకుండా పరిగెత్తినవాళ్ల పడవ మునిగింది. తిన్నవాడి సంగతి కథలో లేదు.

నవంబరు 11, మంగళవారం

ఇంటికొచ్చాడు. ముందు కాలి మీద బొచ్చు గొరిగేసి పచ్చ కట్టు కట్టారు. క్రియాటినిన్ దిగింది. గండం గడిచింది, వారం పోయాక మళ్లీ చూపించాలి. కిందికి దింపగానే భవిత దగ్గరికి పోలేదు, రాకేష్ దగ్గరికి పోలేదు. కుంటుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుని నా మొహంలోకి చూశాడు. వీడికి బుద్ధి లేదు.

నమ్రత కళ్లు తుడుచుకుని, ఇక మీదట బయటివాళ్లని నమ్మేది లేదు అత్తయ్యా, వంట మీరే చూసుకోండి, అంది. మిగిలిన మూడు మూతలూ తీసి చెత్తబుట్టలో పారేసింది.

నేను కోరుకున్నది ఇదే. పాలు పెట్టాను. కాగేదాకా అక్కడే నిలబడ్డాను.

నవంబరు 12, బుధవారం

కృష్ణమోహన్ గారు పరామర్శకి వచ్చారు. దసరాకి బుజ్జి నాలుగు లడ్లు, కిస్‌మిస్‌తో సహా మింగిందట. డాక్టరు రక్తపరీక్ష చేసి, ఫరవాలేదు, ఇంటికి తీసుకుపొమ్మందట. పెద్ద ఒళ్లు కదమ్మా, మన పొరపాట్లు అరాయించుకుంటుంది, అంతా బరువు లెక్క అన్నారు.

నాకు బరువు లెక్క చెబుతున్నాడు ఆయన. నాకు.

నవంబరు 13, గురువారం

మధ్యాహ్నం ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు నాగమల్లేశ్వరి వచ్చింది. మూకుడు తీసుకుపోవడానికి. లోపలికి రమ్మంటే చెప్పులు విప్పి, వంటింట్లోకి మాత్రం రాకుండా గుమ్మం దగ్గరే నిలబడింది. కాఫీ ఇస్తానన్నాను, వద్దంది. మూకుడు కడిగి తుడిచి ఇచ్చాను. అందుకుంటూ స్టవ్ వైపు చూసింది.

"మూతలు తీశారే" అంది.

తీశారన్నాను.

"పోన్లెండి, మంచిదయింది." మూకుడు సంచీలో పెట్టుకుంది. తర్వాత చాలా మెల్లిగా చెప్పింది. "మీరు పెడతా ఉంటే నేను చూశానమ్మా. మూడుసార్లు చూశా."

 కోడలు అడిగినప్పుడు మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. 

"మీకు పొయ్యికే మూతలేశారు. ఇది గూడా తెలిస్తే ఇంకా వేటికి మూతలేస్తారో అని చెప్పలా. నాకు ఐదిళ్లున్నయ్యి. మీకున్నది ఒక్క ఇల్లే గదమ్మా."

ఐదిళ్లు లేవు. ఒక్కటి మిగిలింది, గ్రూపులో చూశాను. ఆవిడకీ తెలుసు నాకు తెలుసని. అల్లుడు కారు హారన్ కొట్టాడు. ఆవిడ వంగి ఆవకాయ తల నిమిరి, తగ్గిందా నాయనా అని అడిగి వెళ్లిపోయింది. వాడు ఆవిణ్ణి చూసి ఒక్కసారి కూడా మొరగలేదు.

సిగ్గేసింది. డెబ్బై రెండేళ్లొచ్చి, వెల్లుల్లి వాసనని వంకలు పెట్టుకుంటూ కూర్చున్నాను.

నవంబరు 14

పప్పులో వెల్లుల్లి వేశాను. ఎందుకు వేశానో తెలియదు.

నవంబరు 15, శనివారం

నమ్రతతో చెప్పబోయాను, మూడుసార్లు. నోరు తెరిస్తే "అసలు ఏం జరిగిందంటే" అని మొదలవుతుంది. అలా మొదలైన మాట ఎటు పోతుందో నాకు బాగా తెలుసు.

ఫార్మసీలో మోతాదు తప్పితే ఒక ఫారం నింపాలి. రోగి, బరువు, మందు, మోతాదు, టైము, ఇచ్చింది ఎవరు. కారణాలు రాయడానికి అందులో చోటుండదు. కొత్తగా చేరిన పిల్లలకి నేనే చెప్పేదాన్ని, తప్పు చేసినవాళ్లని ఎవరూ తీసెయ్యరు, దాచినవాళ్లనే తీసేస్తారు అని. ముప్ఫై ఒక్క ఏళ్లలో అలాంటివి రెండే నింపాను. దాని గురించి గొప్పలు కూడా చెప్పుకున్నాను.

నవంబరు 8 పేజీ కింది సగం ఖాళీగానే ఉంది. అందులోనే రాశాను. చింపి ఫ్రిజ్ మీద భవిత చార్ట్ పక్కన పెట్టాను. నమ్రత ఆదివారం అందరికన్నా ముందు లేచి కాఫీ కలుపుకుంటుంది. ఒక్కతే చదువుకుంటుంది. నేను మేడ దిగేలోపు తిట్టుకోవడం కూడా అయిపోతుంది.

అందులో ఏముందో ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను:

రోగి: పికిల్. బరువు: రెండు కిలోల మూడు వందల యాభై గ్రాములు.
పెట్టినది: ప్రసాదం, కిస్‌మిస్ ఉన్నది.
పదకొండు నలభైకి మూడు కిస్‌మిస్‌లు. పన్నెండున్నరకి రెండు. ఒంటిగంటా పదికి నాలుగు. మొత్తం తొమ్మిది.
పెట్టింది: నానమ్మ. కిస్‌మిస్ విషమని పదకొండో స్లైడులో ఉంది. చదివాను.
ఎన్ని, ఎప్పుడు అని డాక్టరు అడిగినప్పుడు నాకు తెలుసు. చెప్పలేదు.
నాగమల్లేశ్వరి ఏమీ పెట్టలేదు. ఆవిడ పెట్టి ఉంటుందని అన్నది నేను.

నవంబరు 16, ఆదివారం

నేను మేడ దిగుతుండగా చూస్తే ముగ్గురూ వంటింట్లో ఉన్నారు. ఇవాళ తెలుగు బడిలో చదివే పరీక్షట. భవిత ఆరింటికే లేచి, కనపడిన తెలుగు అక్షరమల్లా చదువుతోంది. పచ్చడి సీసా మీద చీటీ అయింది, పంచాంగం అయింది, ఫ్రిజ్ దగ్గరికి వచ్చింది.

"రోగి, పికిల్" అని మొదలుపెట్టింది. నేను మెట్ల మీద ఆగిపోయాను. రాకేష్ ఫోన్ చూసుకుంటూ, వెరీ గుడ్ అన్నాడు. అమెరికా నాలుకతో ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. పదకొండు నలభైకి. మూడు. పన్నెండున్నర దగ్గర ఆగి, పెదాలు కదిపి, మళ్లీ వెనక్కి వెళ్లి సరిగ్గా అంది. నా తప్పు చేయడానికి గంటన్నర పట్టింది, వినడానికి అంతకన్నా ఎక్కువ పట్టినట్టుంది. నమ్రతకి నాలుగో ముక్కకే అర్థమైంది, స్టవ్ కట్టేసింది. రాకేష్ ఫోన్ బల్ల మీద పెట్టాడు. "పెట్టింది, నా-న-మ్మ" అని చదివి పిల్ల గొంతు తగ్గింది. అయినా ఆపలేదు. చివరి దాకా చదివింది. చివరి రెండు మాటలు మాత్రం పైకి అనలేదు.

"నానమ్మా, ఇది స్టోరీనా?"

కాదన్నాను.

"డాక్టర్ అడిగింది కదా. నువ్వు అక్కడే ఉన్నావు. నా పక్కనే."

ఉన్నానన్నాను. రాకేష్, ఎందుకమ్మా అన్నాడు, చిన్నప్పుడు అడిగినట్టు. నేను స్టవ్ వైపు చూపించాను. వాడికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నా వైపు చూడలేకపోయాడు.

నమ్రత ఫోన్ తీసుకుని గరాజ్‌లోకి వెళ్లింది. ఆంటీ, సారీ ఆంటీ, అనడం తలుపులోంచి వినపడింది. నేను వెళ్లి ఫోన్ అడిగి తీసుకున్నాను. జరిగింది అందరికీ చెప్పాననీ, నన్ను క్షమించమనీ నాగమల్లేశ్వరితో అన్నాను. ఆవిడ అంతా విని, "గ్రూపులో గూడా చెప్పండమ్మా. నోటితో కాదు, రాసి పెట్టండి" అంది.

ఆ పేజీ ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. పద్నాలుగు మంది చూశారు.  అరగంటకి బిందుమాధవి రెండు చేతులు జోడించిన బొమ్మ పంపింది. దాని కింద మరో ఏడుగురు అదే బొమ్మ పంపారు. ఎవరికి దణ్ణం పెడుతున్నారో వాళ్లకే తెలియాలి.

నవంబరు 17, సోమవారం

నాగమల్లేశ్వరి వచ్చింది, మూకుడుతో సహా. రెండిళ్లవాళ్లు మళ్లీ రమ్మన్నారట, బిందుమాధవి ఆలోచించి చెబుతానందట. నాతో పెద్దగా మాట్లాడలేదు. నేను వంకాయలు తరిగి ఇస్తే తీసుకుంది. చారు మీరు పెట్టండి, అంది. స్టవ్ మీటలకి మూతలు మళ్లీ రాలేదు. రాకేష్ రంగుల పుస్తకం సంగతి ఎత్తలేదు, ఎత్తకపోవడమూ చూస్తున్నాను.

భవిత బడి నుంచి వచ్చి నాతో మాట్లాడకుండా చార్ట్ దగ్గరికి వెళ్లింది. నవంబరు 8 వరసలో ఖాళీగా ఉన్న గళ్లు నింపింది. పదకొండు నలభై, మూడు, నానమ్మ. పన్నెండున్నర, రెండు, నానమ్మ. ఒంటిగంటా పది, నాలుగు, నానమ్మ. తర్వాత ఎర్ర పెన్ను తీసుకుని చార్ట్ కింద ఒక వాక్యం రాసింది. నాకు అర్థం కావాలని తెలుగులో రాసింది. గుండ్రటి అక్షరాలు, నాలిక బయటపెట్టి, పెన్ను అదిమి. రాశాక నా వైపు ఒక్కసారి చూసి పైకి వెళ్లిపోయింది.

ఆవకాయ నా ఎదురుగా కూర్చుని నా మొహంలోకి చూస్తున్నాడు. నా పళ్లెంలో పెరుగన్నం ఉంది. నేను లేచి చార్ట్ దగ్గరికి వెళ్లి, కళ్లజోడు పెట్టుకుని చదివాను.

"నానమ్మ ఒక్కతే ఉన్నప్పుడు పికిల్‌కి ఏమీ పెట్టకూడదు."

ఒత్తులన్నీ ఉన్నాయి. ఒక్కటీ తప్పలేదు.